సముద్రంలో ఉన్నవాడికి వాయిదా

సభకు పెద్దగా కూర్చున్న మా పేట కార్యాలయం అధికారి మేంగ్ గారికి, బెటాలియన్ నుంచి పనిగట్టుకుని వచ్చి, ముందు పెట్టిన పులిసిన టేకు చేప ముక్కల వైపు అనుమానంగా చూస్తున్న మేజర్ గారికి, మొదటి వరసలో మోకాళ్ళు పట్టుకుని కూర్చున్న మా అవ్వలకు, గోడ పక్కన నిలబడి ఈవిడ ఎప్పుడు ఆపుతుందా, మక్కొల్లి బియ్యపు కల్లు కుండలు ఎప్పుడు తెరుస్తారా అని చూస్తున్న మా పడవల వాళ్ళకు, రేపటి నుంచి కమాండర్ కుర్చీలో కూర్చోబోయే తక్ గారికి, ఇవాళ్టితో ఆ కుర్చీ దిగుతున్న మా రిజర్వు దళం కమాండర్ ప్యో గ్వాంగ్‌సొప్ గారికి నా నమస్కారాలు. మేజర్ గారూ, ఆ చేప తినడానికి మా ఊళ్ళో ఎవరికీ వాయిదా ఇవ్వరు. ముక్కు మూసుకుని నోట్లో వేసుకోండి, మూడో ముక్కకి మీరే అడుగుతారు. (నవ్వులు)

నా పేరు మో బొక్రె. ఈ పేరు చెబితే ఇక్కడ సగం మంది ఎవరావిడ అంటారు. జిందో దీవి నుంచి వచ్చిన కోడలిని కాబట్టి ఈ మెట్ల వీధిలో అందరికీ నేను జిందో కోడలినే, జుట్టు తెల్లబడినా కోడలినే. మహిళా సంఘం అధ్యక్షురాలినని మైకు నా చేతికిచ్చారు. ఇచ్చి పొరపాటు చేశామని ఇంకాసేపట్లో వాళ్ళకే తెలుస్తుంది. నేను పొగడ్తలు చెప్పడానికి మాత్రమే రాలేదు. ప్యో గారి దగ్గర నాకు ఒక పని మిగిలిపోయింది. నాలుగేళ్ళ కిందట సముద్రం మీదికి వెళ్ళి తిరిగి రాని నా కొడుకు ఇన్బె పేరు ఇప్పటికీ ఆయన రిజర్వు జాబితాలో ఉంది. దాని సంగతి ఆయన కొలువు ముగిసేలోపే తేలాలి. అయినా ముందు మంచి మాటలు చెప్పుకుందాం, ఆయన వాటికి అర్హుడు.

రిజర్వు సైనికుల గురించి చేపలు ఎండబెట్టుకునే ఆడదానికేం తెలుసని మేజర్ గారికి అనిపించవచ్చు. సైన్యంలో పని ముగించుకుని ఇంటికొచ్చిన మగపిల్లలు ఆ తరవాత ఎనిమిదేళ్ళపాటు ఏటా పిలిచినప్పుడు శిక్షణకు వెళ్ళాలి, అది చట్టం. వెళ్ళేది వాళ్ళే కానీ, ఆ పిలుపు కాగితం ఇంటికి వచ్చినప్పుడు తలుపు తీసేది మేము, ఎందుకంటే మా వీధిలో మగవాళ్ళు ఇంట్లో ఉండరు. సంతకం పెట్టి తీసుకునేది మేము. "ఎలాగైనా వాయిదా వేయించవే అమ్మా" అని వాడు రేవు నుంచి ఫోన్లో గోల పెట్టేది మా దగ్గర. వాడు వెళ్ళకపోతే పోలీసులొచ్చి నిలదీసేదీ మమ్మల్నే. అంచేత ఈ వాయిదాల విద్యలో ఇక్కడున్న ప్రతి ఆడదీ పండితురాలే.

ప్యో గారు మొదట ఈ పేటకు వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. సైన్యంలో కెప్టెన్‌గా చేసి, ఈ పేట దళానికి కమాండర్‌గా చేరిన మనిషి. గాంగ్వన్ కొండల్లో బంగాళాదుంపలు పండించే ఊరు ఆయనది. సముద్రాన్ని సెలవుల్లో చూడటం తప్ప ఎరగడు. ఇస్త్రీ చేసిన ప్యాంటు, అద్దంలా మెరిసే బూట్లు వేసుకుని, వీధి మెట్ల మీద ఆడవాళ్ళు కడిగి వదిలిన చేపల నీళ్ళలో కాలు జారి, అందరి ముందూ కూర్చుండిపోయాడు. మేమెవ్వరం నవ్వలేదు. (నవ్వులు) సరే, నవ్వాం. ఇప్పుడు ఒప్పుకుంటున్నాం కమాండర్ గారూ, మీరు అటు తిరగగానే బాగా నవ్వుకున్నాం.

తక్ గారూ, ఇది మీరు కాస్త చెవి పెట్టి వినండి, మీకు పనికొస్తుంది. అమావాస్యకీ పున్నమికీ ఇక్కడ నీళ్ళు ఉరుకుతాయి. వలలు నిండేది అప్పుడే, మగవాళ్ళంతా బయట ఉండేదీ అప్పుడే. చంద్రుడు సగమై నీళ్ళు నెమ్మదించిన రోజుల్లోనే పడవలు రేవుకొస్తాయి, మొగుళ్ళు ఇళ్ళకొస్తారు. అందుకే మా వీధి పిల్లల పుట్టినరోజులు గుంపులు గుంపులుగా పడతాయి. మేజర్ గారు వేళ్ళ మీద ఏదో లెక్క వేస్తున్నారు, పెళ్ళయినవారే కదా, అందుతుంది లెండి. (నవ్వులు) అలా ఒకేసారి పుట్టిన వాళ్ళు ఒకేసారి సైన్యానికి పోతారు, ఒకేసారి తిరిగొస్తారు, ఒకే పడవ ఎక్కుతారు. పిలుపు వచ్చిందంటే ఒక మనిషికి రాదు, మొత్తం పడవకి వస్తుంది.

ఆయన వచ్చిన ఏడు పిలుపు సరిగ్గా పున్నమికి పడింది. మేమంతా ఎండుచేపల గంపలు అక్కడే పడేసి ఈ భవనం మీదికి దండెత్తాం. ఈయన లేచి నిలబడి, పుస్తకం తీసి, వాయిదాకి పనికొచ్చే కారణాలు ఒక్కొక్కటే చదివాడు. జబ్బు ఉంది, చావు ఉంది, పెళ్ళి ఉంది, పరీక్ష ఉంది.

"చేపలు పడుతున్నాయి అన్నది లేదా?" అంది వెనకనుంచి ఎవరో.

"లేదండి. అయినా మీ కష్టం నేను ఆలోచించాను. మొత్తం పడవని ఒకేసారి పిలవను. సగం మందిని ఇప్పుడు పంపండి, మిగతా సగానికి వచ్చే నెలకి వాయిదా రాసిస్తాను. ఎవరికీ నష్టం లేదు" అన్నాడు, మేమంతా చప్పట్లు కొడతామనుకుని.

సగం మందితో సగం పొలం కోసుకోవచ్చేమో గాని, సగం మందితో సగం పడవ నడవదు కదా. అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటుంటే, ఇదిగో ఈ ముందు వరసలో కూర్చున్న మా పన్రె అవ్వ, అప్పటికింకా చేతికర్ర లేదు, బల్ల దాకా వెళ్ళి, "అబ్బాయ్, మీ ఊళ్ళో సగం ఎద్దు దున్నుతుందా?" అని అడిగింది. (చాలాసేపు నవ్వులు) ఆయన ముఖం ఎర్రబడింది గాని, మాట మార్చుకోలేదు. ఆ నెల సగం మంది శిక్షణకు పోయారు, మిగతా సగం రేవులో పేకాడుకున్నారు, పడవలు కట్టేసి ఉన్నాయి. మా తిట్లు ఆయనకి వినబడాలనే గట్టిగా తిట్టాం.

ఇక అప్పటి నుంచి మొదలయ్యాయి మా వేషాలు. కారణాలు కావాలన్నారు కాబట్టి కారణాలు పుట్టించాం. ఈ వీధిలో అంతమందికి ఒక్కసారిగా నడుం నొప్పి ఎప్పుడూ రాలేదు. చూడని పిల్లతో పెళ్ళి కుదిరిన వాళ్ళున్నారు, అక్షరం ముక్క రాకపోయినా పరీక్షలున్న వాళ్ళున్నారు. అదిగో గోడ పక్కన తలకాయ దాచుకుంటున్నాడే, ఒక్దొల్, పన్రె అవ్వ మనవడు, ఇప్పుడు బొజ్జ పెంచి పడవ యజమాని అయ్యాడు గాని, వీడు ఏం చేశాడో తెలుసా? వాళ్ళ అవ్వ పోయిందని వాయిదా పెట్టుకున్నాడు. దాచుకోకురా, ఊరందరికీ తెలిసిందే. (నవ్వులు, ఈలలు)

ప్యో గారు కొండల మనిషి, మర్యాద తెలిసినవాడు. చావు కబురు విని ఊరుకుంటాడా? నల్ల సూటు వేసి, నల్ల టై కట్టి, చావింట్లో ఇచ్చే తెల్ల కవరు జేబులో పెట్టుకుని మెట్లెక్కాడు. తలుపు తోసుకుని లోపలికి వెళితే వాకిట్లో సగం ఎద్దు సంగతి అడిగిన పన్రె అవ్వే వెల్లుల్లి ఒలుస్తూ కూర్చుని ఉంది.

"ఎవరు పోయారు అబ్బాయ్?" అంది ఆవిడ, టై చూసి.

"ఎవరూ... ఎవరూ పోలేదండి. ఇలా వెళ్తూ వెళ్తూ..."

"నల్ల టై కట్టుకుని ఇలా వెళ్తూ వచ్చావా? ఒక్దొల్‌గాడు నీ దగ్గరికి ఎందుకొచ్చాడా అని అప్పుడే అనుకున్నాను. చంపేశాడన్నమాట నన్ను, వెధవ. సరే, వచ్చావుగా, కూర్చో. చచ్చినదాని చేతి వంట ఎలా ఉంటుందో తిని చూడు."

ఆయన కోటు విప్పి కూర్చుని, సముద్రపు నాచు చారుతో కడుపునిండా తిన్నాడు. వాణ్ణి తిట్టమని ఆయన అంటే ఆవిడ తిట్టలేదు. వాడు ఎందుకు అబద్ధమాడాడో చెప్పింది. నీళ్ళు ఉరికే రోజులంటే ఏమిటో, నెమ్మదించే రోజులంటే ఏమిటో, ఒక్క మనిషి తగ్గితే వల ఎందుకు పైకి రాదో, వెల్లుల్లి రెబ్బలు వాకిట్లో పేర్చి చూపించింది. మర్నాడు ఒక్దొల్‌ని పిలిపించి ఈయన ఏమన్నాడో వాడే చెప్పాలి, సిగ్గుపడుతున్నాడు కాబట్టి నేను చెబుతాను. "మీ అవ్వ కోలుకున్నందుకు చాలా సంతోషం. చచ్చి కోలుకున్నవాళ్ళని చూడటం నాకు ఇదే మొదలు. వాయిదా రద్దు, బూట్లు తుడుచుకో" అన్నాడు. (నవ్వులు)

కాని ఆ వారంలోనే ఈయన ఆఫీసు గోడ మీద పోటుపాట్ల క్యాలెండర్ వెలిసింది. దాన్ని చంకన పెట్టుకుని బెటాలియన్‌కి వెళ్ళి, అక్కడి పెద్దలతో ఏం వాదించాడో, ఎన్ని చీవాట్లు తిన్నాడో మాకు చెప్పలేదు. మరుసటి ఏడు మా రేవు వాళ్ళకి శిక్షణ నీళ్ళు నెమ్మదించిన రోజుల్లో పడింది. పడవలు రేవులో, పిల్లలు శిక్షణలో. "బాగానే ఉంది గాని, మొగుళ్ళు ఇంటికొచ్చే రోజులు కూడా మీరే తీసుకుంటే ఎలా?" అని ఆడవాళ్ళు కొత్త గొడవ మొదలెట్టారు. (నవ్వులు)

ఆ రోజులే వేరు. శిక్షణకు పోయే రోజు తెల్లవారుజామున మెట్ల నిండా పాత సైనిక దుస్తుల్లో కుర్రాళ్ళు. పెళ్ళయి కండ పట్టినవాడికి గుండీ పడదు, వాళ్ళమ్మ వెనకాలే పిన్నీసు పట్టుకుని దిగుతూ ఉంటుంది. సముద్రం మీద పులుల్లా పనిచేసే వాళ్ళు ఆ దుస్తులు తొడుక్కోగానే టోపీ వెనక్కి తిప్పి, చొక్కా బయటికి వదిలి, కాళ్ళీడ్చుకుంటూ బడి ఎగ్గొట్టే పిల్లల్లా తయారయ్యేవాళ్ళు. రేవు మైకులో ఈయన గొంతు వినపడేది: "బూట్లతో రండి. రబ్బరు బూట్లతో కాదు, సైనిక బూట్లతో. ఒక్దొల్, నీకే చెబుతున్నాను." మేము ఉడికించిన గుడ్లు వాళ్ళ జేబుల్లో కుక్కేవాళ్ళం. ఇప్పుడు ఆ మెట్ల మీద పిల్లులు పడుకుంటున్నాయి. పడవల మీద వియత్నాం పిల్లలు, ఇండోనేషియా పిల్లలు పనిచేస్తున్నారు, మంచి పిల్లలే, వాళ్ళని శిక్షణకు పిలిచే పని ఎవరికీ లేదు. మైకు మూగబోయింది.

(నీళ్ళు తాగి)

ఇక ఇన్బె సంగతి. మేజర్ గారూ, ఇప్పుడు కాసేపు మీరు పైకప్పు వైపు చూస్తూ కూర్చుంటే బాగుంటుంది.

ఆ శరదృతువులో పిలుపు పై నుంచి వచ్చింది, తేదీ మార్చడం ప్యో గారి చేతుల్లో లేదు. నీళ్ళు ఉరికే రోజులు, వలలు తెగేంత చేప. ఆ పడవలో మిగతా వాళ్ళంతా రిజర్వు వయసు దాటినవాళ్ళు, పిలుపు వచ్చింది మా ఇన్బె ఒక్కడికే. వీడు పరుగెత్తుకెళ్ళి, నేను రాకపోతే పడవ కదలదు సార్ అన్నాడు. ఏళ్ళ కిందటైతే ఈయన పుస్తకం తీసి చదివేవాడు. ఇప్పుడు పడవంటే ఏమిటో తెలిసిన మనిషి కాబట్టి, వీడొక్కడి సంపాదన మీదే ఇల్లు నడుస్తోందని రాసి వాయిదా ఇచ్చాడు. పడవ వెళ్ళింది. గాలివాన వచ్చింది. దాని మీద ఉన్నవాళ్ళెవరూ తిరిగి రాలేదు.

మిగతా ఇళ్ళవాళ్ళు ఇక్కడే కింద పేట ఆఫీసులో తమవాళ్ళు పోయారని రాయించారు, కర్మకాండలు చేసుకున్నారు. వాళ్ళు ఇక్కడే ఉన్నారు, నేను వాళ్ళనేమీ అనను. నేను రాయించలేదు. నా పిల్లవాణ్ణి చచ్చినవాళ్ళలో నా చేత్తో ఎలా కలిపేది? నాకు చేతకాలేదు.

మరుసటి వసంతంలో వాడి పేరున పిలుపు వచ్చింది. రాయించలేదు కాబట్టి, ప్రభుత్వానికి వాడు బతికే ఉన్నాడు. ప్యో గారు దాన్ని పోస్టులో పడెయ్యలేదు, మనిషి చేత పంపలేదు, తనే మెట్లెక్కి వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని నా వాకిట్లో నిలబడ్డాడు.

"అక్కగారూ, ఇన్బె పేరున పిలుపు వచ్చింది. మీకు చూపించకుండా పక్కన పెట్టెయ్యడానికి నాకు మనసొప్పలేదు" అన్నాడు.

"పక్కన ఎందుకు పెడతారు? ఇవ్వండి, సంతకం పెడతాను" అన్నాను.

"వాయిదాకి ఏ కారణం రాయమంటారు?"

"సముద్రంలో ఉన్నాడు. అదే రాయండి."

అదే రాశాడు. అప్పటి నుంచి ఏటా వసంతంలో ఆయన వచ్చేవాడు, నేను సంతకం పెట్టేదాన్ని, ఆయన రాసేవాడు. జిందో కోడలికి మతి పోయిందని వీధిలో అనుకున్నారు, అనుకోనివ్వండి. ఈ దేశం మొత్తం మీద నా కొడుకుని రమ్మని పిలిచేది ఆ కాగితం ఒక్కటే. దాని కోసం నేను చలికాలమంతా ఎదురుచూసేదాన్ని. ఈ వాయిదా ఏ నిబంధనలో ఉందని బెటాలియన్ వాళ్ళు ఈయన్ని అడిగారట, "మా రేవు నిబంధన" అన్నాడట. మేజర్ గారూ, ఇంకా పైకే చూడండి. (నవ్వులు)

పోయిన వారం ప్యో గారు తక్ గారిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. తక్ గారు చిన్నవాడు, కల్లాకపటం లేని మనిషి. "అమ్మగారూ, సముద్రంలో ఉన్నాడని నేను రాయలేను. రాయకపోతే పిలిచినా రానివాళ్ళలో కలుస్తాడు, ఆ పేర్లు పోలీసులకి వెళతాయి. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి" అన్నాడు.

"నా కొడుకు పారిపోయినవాడా? ఇంకోసారి అను చూద్దాం!" అని అరిచాను. తక్ గారూ, ఆ రోజు చీపురు ఎత్తినందుకు ఏమీ అనుకోకండి. మీ మీద కాదు ఆ కోపం.

ప్యో గారు ఆయన్ని కిందికి పంపేసి, నా గడప మీద కూర్చుండిపోయారు. మోకాళ్ళు ఆయనవీ అరిగిపోయాయి, ఆ మెట్లెక్కీ ఎక్కీ.

"పేరు కొట్టెయ్యాలంటే ఎప్పుడో చెయ్యగలిగేవాణ్ణే అక్కగారూ. మీ కోసమే ఆపానని అందరూ అనుకుంటారు. కాదు. ఆ వాయిదా రాసింది ఈ చెయ్యే. దీంతోనే వాడి పేరు మీద గీత పెట్టడం నా వల్ల కాలేదు" అన్నారు.

ఈ నాలుగేళ్ళలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి. అందరికీ తెలుసు ఆ సంగతి, ఎవరూ ఆయన ముందు అనరు. ఆ రోజు ఆయనకి బార్లీ నీళ్ళు కాచి ఇచ్చాను. ఆ మాటకి జవాబు ఇవాళ అందరి ముందూ చెబుతున్నాను.

(ప్యో గారి వైపు తిరిగి)

కమాండర్ గారూ, తల ఎత్తండి. మీరు ఆ రోజు వాయిదా ఇవ్వకపోతే, నేనే వచ్చి మీ ఆఫీసు గుమ్మంలో బైఠాయించి మీ పరువు తీసేదాన్ని. నా సంగతి మీకు తెలుసు. వాయిదా చేతికి రాగానే వాడు మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ వచ్చాడు. గుమ్మంలోంచే, "అమ్మా, ఇచ్చేశాడే కమాండరు! మంచోడే!" అని అరిచాడు. నన్ను ఎత్తి ఒక చుట్టు తిప్పాడు, నేను తిట్టాను, వాడు నవ్వాడు. ఆ మర్నాడు పడవెక్కాడు. నా దగ్గర మిగిలిన ముఖం ఆ నవ్వే ముఖం. అది మీరిచ్చిందే. చంపింది సముద్రం. నేను దాని ఒడ్డునే బతికాను కాబట్టి దాన్ని ఎంతైనా తిడతాను. మిమ్మల్ని ఒక్క రోజు కూడా తిట్టలేదు, మనసులో కూడా. ఇది నిజం. నేను అబద్ధాలాడినవి చాలా ఉన్నాయి, మీకే ఎన్నో ఆడాను, ఇది మాత్రం కాదు.

వాడికి రిజర్వు చాలు. పారిపోయినవాడు అనిపించుకోనివ్వను, సముద్రంలో ఉన్నాడని ఇంక రాయించను. నాలుగేళ్ళు మీరు నాకు వాయిదా ఇచ్చారు, నేను తీసుకున్నాను, ఇంక చాలు.

వాడు పోయాడని తీర రక్షక దళం వాళ్ళు అప్పట్లోనే ఇచ్చిన ధ్రువపత్రం ఇదిగో ఈ సంచిలో ఉంది. కింది అంతస్తులో ఆఫీసు ఆరింటి దాకా తెరిచి ఉంటుంది, మీ కొలువూ ఆరింటి దాకా ఉంది. నేను దీన్ని కింద అప్పగిస్తాను, ఆ తరవాత మీరు పైన మీ ఆఫీసులో వాడి పేరు మీద గీత పెట్టండి. తక్ గారి చేత వద్దు, మంచివాడే కాని ఆయన ఇన్బెని చూడలేదు. వాడు సైన్యం నుంచి వచ్చిన రోజు పేరు రాసుకున్నది మీరు, గుండీ పడలేదని వాణ్ణి ఆటపట్టించింది మీరు. తెలిసిన చెయ్యి కొట్టేస్తే నాకు తృప్తిగా ఉంటుంది. నేను పక్కనే ఉంటాను.

మేంగ్ గారూ, మేజర్ గారూ, ఇంతసేపు ఓపిక పట్టినందుకు మీకు కృతజ్ఞతలు. అవ్వలకు ముందు వడ్డించండి, ఒక్దొల్‌కి ఆఖర్న. మా కోసం ఎవరూ ఆగకండి, భోజనాలు కానివ్వండి. కమాండర్ గారూ, లేవండి. నా భుజం పట్టుకోండి. మా వాణ్ణి ఇంటికి పంపించి వద్దాం.

సెలవు.